కంచె అవతలి మొక్క

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో అమ్మా నాన్నగారూ హారిసన్‌లో మా ఇంటికి వచ్చారు. వచ్చిన మూడో రోజు పొద్దున్నే నాన్నగారు కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు. గొంతు బాగా తగ్గించి, "ఒరేయ్, పక్కింటాయన గంజాయి పెంచుతున్నాడు. నీకు తెలుసా?" అన్నారు.

నాన్నగారు ఎక్సైజు శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సర్వీసులో సగం నర్సీపట్నం, చింతపల్లి వైపే గడిచింది. ఆయన కంచె మీదనుంచి తొంగి చూడక్కర్లేదు, గాలి ఇటు తిరిగితే చాలు. "తెలుసు నాన్నా, రెండు మొక్కలున్నాయి. ఇక్కడ అది తప్పు కాదు" అన్నాను. ముప్ఫై ఏళ్ళు చేసిన ఉద్యోగాన్ని ఒక్క వాక్యంలో కొట్టిపారేసినట్టు చూశారు నావంక.

మన సంఘంలో కొత్తగా కాన్‌బెర్రా వచ్చినవాళ్ళూ ఇదే ఆశ్చర్యం పడుతుంటారు కాబట్టి సంగతి చెప్పేస్తాను. 2019 సెప్టెంబరు 25న ఇక్కడి శాసనసభ ఒక బిల్లు ఆమోదించింది. దాన్ని ప్రవేశపెట్టిన మైకేల్ పీటర్సన్ మన హారిసన్ ఉన్న యెరాబి నియోజకవర్గం సభ్యుడే. 2020 జనవరి 31 నుంచి అది అమల్లోకి వచ్చింది. 18 ఏళ్ళు నిండినవాళ్ళు ఎండినది 50 గ్రాములు, పచ్చిది 150 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. మనిషికి రెండు మొక్కలు, ఇంటికి నాలుగు. ఆస్ట్రేలియాలో ఇలాంటి చట్టం చేసిన మొదటి ప్రాంతం మనదే.

అయితే మనవాళ్ళలో చాలామందికి ఈ చట్టం సగమే తెలుసు. అమ్మితే నేరం. స్నేహితుడికి ఊరికే ఇచ్చినా నేరమే. పార్కులో, ట్రామ్ స్టాపులో కాల్చకూడదు. దీపాలు పెట్టి గదిలో పెంచకూడదు. పిల్లల చేతికి అందేలా ఉంచకూడదు. తాగి కారు నడిపితే, రోడ్డు పక్కన పోలీసులు చేసే ఉమ్ము పరీక్షలో దొరికితే, ఇంట్లో ఒప్పుకున్న చట్టం రోడ్డు మీద ఒప్పుకోదు. ఇరవై నిమిషాలు కారులో వెళ్ళి క్వీన్‌బియన్‌లో అడుగుపెడితే అది న్యూ సౌత్ వేల్స్, అక్కడ అదే పొట్లం నేరం. ఇక కేంద్ర ప్రభుత్వ చట్టం ప్రకారం అది ఎప్పుడూ నిషిద్ధమే. మనలో సగంమంది ప్రభుత్వ శాఖల్లో కాంట్రాక్టులు చేసుకునేవాళ్ళం, సెక్యూరిటీ క్లియరెన్సు కాగితాల్లో మత్తుపదార్థాల గురించి అడుగుతారన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా విని నాన్నగారు మన ఎన్‌డీపీఎస్ చట్టం చెప్పుకొచ్చారు. 1985 నాటిది. కిలో లోపు గంజాయి దొరికితే ఏడాది దాకా జైలు. 20 కిలోలు దాటితే పదేళ్ళకి తక్కువ కాకుండా, ఇరవై ఏళ్ళ దాకా. మొక్క పెంచినా పదేళ్ళ దాకా పడుతుంది. "భంగు మాత్రం చట్టంలోకి రాలేదురా. ఆకు అయితే ప్రసాదం, పువ్వు అయితే జైలు" అని నవ్వారు. తరవాత నవ్వు ఆపేసి, "నేను పట్టుకున్నవాళ్ళందరూ పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళే. బస్తాకింత అని తీసుకుని మోసుకెళ్ళేవాళ్ళు. బస్తా ఎవరిదో వాడు ఒక్కసారీ దొరకలేదు" అన్నారు. తూర్పు కనుమల్లో, ఒరిస్సా సరిహద్దు పొడుగునా ఈ పంట ఎలా పాకిందో పేపర్లు చదివేవాళ్ళకి తెలిసిందే. 2021లో ఆంధ్రా పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికించారు.

లేవబోతూ ఆయన ఒక మాట అన్నారు. "సరే, ఇక్కడ చట్టం ఒప్పుకుంది. మరి ఒళ్ళు ఒప్పుకుంటుందా?"

ఆ ప్రశ్నకి జవాబు అప్పటికే మా ఇంట్లో, పైగదిలో పడుకుని ఉందని నాకు తెలియదు.

మా అక్క కొడుకు ఇక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడు. ఏడాదిన్నరపాటు వేరే కుర్రాళ్ళతో అద్దింట్లో ఉండి, అప్పుడే మా ఇంటికి మారాడు. (ఇదంతా రాయమన్నది వాడే. పేరు మాత్రం వద్దన్నాడు.) మార్చిలో ఒకరోజు వాంతులు మొదలయ్యాయి. మూడు రోజులు నీళ్ళు కూడా నిలవలేదు. తగ్గింది. ఏప్రిల్లో మళ్ళీ. డాక్టరు గ్యాస్ట్రిక్ అని మాత్రలిచ్చి, "మీ వంటల్లో కారం తగ్గించండి" అన్నాడు. ఎండోస్కోపీ చేయించాం, అంతా శుభ్రంగా ఉంది. అమ్మ ఎండుమిరపకాయలూ ఉప్పూ కలిపి దిష్టి తీసింది. అక్కకి ఫోన్‌లో నేను 'కాస్త అజీర్తి' అని చెప్తూ వచ్చాను.

ఒక్కటి మాత్రం అందరం గమనించాం. వాంతులొచ్చిన రోజుల్లో వాడు స్నానాలగదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు. పొగలు కక్కే వేడినీళ్ళ కింద గంట, బయటికొచ్చి పది నిమిషాలు, మళ్ళీ గంట. ఒంటిమీద చర్మం ఎర్రగా కందిపోయేది. జూన్ చలిలో మిగతావాళ్ళకి వేడినీళ్ళు మిగిలేవి కావు. మా ఆవిడ విసుక్కుంటే, "చలిదేశంలో పిల్లాడు, పోనీవే" అన్నాను నేను.

జూన్ ఆఖర్లో ఒకరాత్రి నిలబడలేక పడిపోయాడు. అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాం. ఒంట్లో నీరు ఎండిపోయి మూత్రపిండాల మీద భారం పడిందనీ, పొటాషియం పడిపోయిందనీ సెలైను ఎక్కించారు. ఒక చిన్నవయసు డాక్టరమ్మ వచ్చి చాలా మామూలుగా, "వేడినీళ్ళతో స్నానం చేస్తే తగ్గుతుందా?" అని అడిగింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. ఆవిడ నన్ను కాసేపు బయట కూర్చోమంది. పది నిమిషాల తరవాత పిలిచి, "మీకు చెప్పమన్నాడు" అంది.

రెండేళ్ళుగా, దాదాపు రోజూ. మొదట అద్దింట్లో సరదాకి. తరవాత రెస్టారెంట్లో రాత్రి డ్యూటీ అయ్యాక నిద్ర పట్టడానికి. పొగాకుతో కలిపి బాంగ్‌లో. మా ఇంటికొచ్చాక, మేం పడుకున్న తరవాత, గరాజు వెనక. నాన్నగారి ముక్కుకి అందినదంతా పక్కింటి మొక్కల వాసనే అనుకున్నాం.

ఆ జబ్బు గురించి వైద్యపత్రికలో మొట్టమొదట రాసింది ఆస్ట్రేలియాలోనే. అడిలైడ్ పక్కన కొండప్రాంతంలో పనిచేసే డాక్టర్ అలెన్, సహచరులు 2004లో 'గట్' అనే పత్రికలో రాశారు. ఏళ్ళ తరబడి గంజాయి తాగేవాళ్ళలో కొందరికి తెరలు తెరలుగా వాంతులు, కడుపునొప్పి వస్తున్నాయి. గంటల తరబడి వేడినీళ్ళ స్నానంతోనే ఉపశమనం. మానేస్తే తగ్గుతోంది, మళ్ళీ మొదలెడితే తిరగబెడుతోంది. వింత ఏమిటంటే ఇదే గంజాయిలోని మందుని కేన్సరు చికిత్సలో వచ్చే వాంతులు ఆపడానికి 1985 నుంచి అమెరికాలో వాడుతున్నారు. కొద్దిగా అయితే ఆపేది, ఏళ్ళ తరబడి అయితే తెప్పించేది. అందుకే చాలామంది రోగులు వాంతులు తగ్గుతాయని ఇంకా ఎక్కువ తాగుతారు. మావాడూ అదే చేశాడు.

మామూలు వాంతి మందులు దీనికి పెద్దగా పనిచెయ్యవు. ఆ రాత్రి వేరే ఇంజక్షనొకటి ఇచ్చి, పొట్టమీద ఒక క్రీము రాశారు. ఏమిటని అడిగాను. క్యాప్సైసిన్, అంటే మిరపకాయలో ఉండే కారం! వేడినీళ్ళ వేడినీ, మిరప మంటనీ మన చర్మంలో పట్టుకునేది ఒకటే గ్రాహకం. దాన్ని రెచ్చగొడితే వాంతుల గొడవ సద్దుమణుగుతుందని వైద్యులు చెప్పే వివరణ. కారం తగ్గించమన్న డాక్టరు గుర్తొచ్చాడు. అమ్మకి చెప్తే, "నేను మిరపకాయలే తిప్పాను కదా" అంది. ఏమనగలను?

నేను వైద్యుణ్ణి కాను, కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాణ్ణి. తరవాత రెండు నెలలు దొరికిందల్లా చదివాను, తెలిసిన డాక్టర్లని విసిగించాను. అందులో నాకు అర్థమైనది మన మాటల్లో చెప్తాను.

గంజాయిలో మత్తు కలిగించే పదార్థం టీహెచ్‌సీ. దాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు మెకూలం, గావొనీ శుద్ధంగా వేరుచేశారు. అది మెదడులో దేనికి అతుక్కుంటుందో మరో పాతికేళ్ళకిగాని తెలియలేదు. 1988లో అమెరికాలో హౌలెట్, డివేన్ ఆ గ్రాహకాన్ని పట్టుకున్నారు. మెదడులో ఒక మొక్క కోసం తాళం ఎందుకుంటుంది? మన ఒళ్ళే తయారుచేసుకునే తాళంచెవి ఏదో ఉండి తీరాలి. 1992లో జెరూసలేంలో అది దొరికింది. కనిపెట్టినవాళ్ళు దానికి పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, మన 'ఆనందం' నుంచే! సంస్కృతం నుంచి తీసుకుని పెట్టారు.

ఈ ఆనందమైడ్ లాంటివి చేసే పని తెలియాలంటే పెళ్ళిపంక్తి గుర్తుచేసుకోండి. వడ్డించేవాడు నెయ్యి గిన్నెతో వస్తాడు. మనకి చాలనిపిస్తే విస్తరి మీద చెయ్యి అడ్డుపెడతాం, అతను ఆగిపోతాడు. మెదడులోనూ ఒక నాడీకణం ఇంకో కణానికి రసాయనాలు వడ్డిస్తూ ఉంటుంది. పుచ్చుకునే కణానికి ఎక్కువైతే, అది వెనక్కి 'ఇక చాలు' అని కబురు పంపుతుంది. ఆ అడ్డుపెట్టే చెయ్యే ఈ పదార్థాలు. పని కాగానే ఒళ్ళు వాటిని క్షణాల్లో విరగ్గొట్టేస్తుంది. టీహెచ్‌సీ వచ్చిందంటే, ఎవరి ఆకలితోనూ సంబంధం లేకుండా, పంక్తిలో ఉన్న విస్తళ్ళన్నిటి మీదా ఎవరో ఒకేసారి చేతులు అడ్డుపెట్టినట్టు. పైగా ఆ చేతులు గంటల తరబడి తియ్యరు.

ఎక్కడెక్కడ ఈ గ్రాహకాలు ఎక్కువున్నాయో అక్కడల్లా ఫలితం కనిపిస్తుంది. కొత్త జ్ఞాపకాలు దాచే చోట ఉన్నాయి, అందుకే మాట మొదలుపెట్టి మధ్యలో మర్చిపోవడం. చిన్నమెదడులో ఉన్నాయి, కాళ్ళూ చేతులూ సమన్వయం తప్పడం, కారు బ్రేకు ఆలస్యం కావడం అక్కడివే. భయాన్ని చూసుకునే భాగంలో ఉన్నాయి, కొంచెమైతే నిమ్మళం, ఎక్కువైతే ఎవరో తరుముతున్నట్టు గాభరా. ఆకలిని నడిపే చోటా ఉన్నాయి, అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపులు అందుకే తెరుచుకుంటాయి. రక్తనాళాలు వెడల్పై కళ్ళు ఎర్రబడతాయి, నోరు ఎండుతుంది, గుండె నిమిషానికి ఇరవై నుంచి యాభై సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. గుండెజబ్బున్న పెద్దవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఊపిరిని నడిపే మెదడుకాండంలో మాత్రం ఈ గ్రాహకాలు చాలా తక్కువ. హెరాయిన్ లాగా ఊపిరి ఆపి చంపదు అనే మాటకి ఆధారం అదే. ఆ మాట నిజమే. కాని 'చంపదు' అన్నదానికీ 'ఏమీ చెయ్యదు' అన్నదానికీ మధ్య ఎంత చోటుందో నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని చూశాను.

పొగ తాగితే నిమిషాల్లో ఎక్కుతుంది. లడ్డూలోనో బిస్కెట్లోనో తింటే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, కాలేయం దాన్ని ఇంకా ఘాటైన రూపంలోకి మారుస్తుంది. ఏమీ కాలేదేమని రెండోది తినేవాళ్ళు పడే బాధ హోళీ రోజు భంగు తాగినవాళ్ళని అడగండి. చిన్నపిల్లలు మిఠాయనుకుని తింటే మగతలో పడి ఆసుపత్రి పాలవుతారు. ఇంకోటి, ఇది కొవ్వులో కరుగుతుంది, నీళ్ళలో కాదు. అందుకే రోజూ తాగేవాళ్ళ మూత్రపరీక్షలో మానేసిన వారాల తరవాత కూడా కనపడుతుంది.

ఇక పిచ్చి సంగతి. 'గంజాయి తాగితే పిచ్చెక్కుతుంది' అని మన పెద్దలంటే మూఢనమ్మకం అని కొట్టిపారేసే తరం మాది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ విషయమే తేల్చమని భారతదేశంలో ఒక కమిషన్ వేసింది. వెయ్యిమందికి పైగా సాక్షులని విచారించి, ఏడు సంపుటాల నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో 'కారణం: గంజాయి' అని సరైన విచారణ లేకుండానే రాసేస్తున్నారనీ తేల్చారు. అప్పటికి అది నిజాయితీ గల పనే. కాని తరవాత వచ్చిన లెక్కలు వేరు. 1987లో స్వీడన్‌లో సైన్యంలో చేరిన సుమారు 45 వేలమంది కుర్రాళ్ళని పదిహేనేళ్ళపాటు గమనించిన ఫలితాలు వచ్చాయి. పద్ధెనిమిదేళ్ళకే యాభైసార్లకి మించి తాగినవాళ్ళలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు ఎక్కువ. 2019లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన పెద్ద అధ్యయనం, ఘాటైన సరుకు రోజూ తాగేవాళ్ళకి మతిభ్రమ వచ్చే అవకాశం దాదాపు అయిదు రెట్లని చెప్పింది. తాగిన ప్రతివాడికీ వస్తుందని కాదు, చాలామందికి రాదు. అసలు ఏది కారణం, ఏది ఫలితం అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కాని చిన్నవయసులో మొదలెట్టినవాళ్ళకి, రోజూ తాగేవాళ్ళకి, ఇంట్లో ఎవరికైనా మానసిక వ్యాధి ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువన్నది మాత్రం పదేపదే తేలుతోంది. మెదడు, ముఖ్యంగా ముందుచూపుని నడిపే ముందుభాగం, ఇరవైల మధ్యదాకా తయారవుతూనే ఉంటుంది.

ఘాటు కూడా మారింది. న్యూ సౌత్ వేల్స్ పోలీసులు పట్టుకున్న సరుకుని పరీక్షించి 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం టీహెచ్‌సీ సగటున 15 శాతం దగ్గర ఉంది. మత్తుకి కొంత విరుగుడనుకునే సీబీడీ దాదాపు శూన్యం. 'మా కాలేజీ రోజుల్లో మేమూ ఒకటి రెండు దమ్ములు లాగాం, ఏమైంది?' అనే మిత్రులకి ఈ అంకె అంకితం.

కుటుంబ చరిత్ర అన్నాను కదా, అది రాస్తున్నప్పుడు నా చెయ్యి కాస్త ఆగింది. మా ఇంట్లో అమ్మ తరఫున ఒక పెద్దమామయ్య ఉండేవారు. 'ఆయనకి కొంచెం తేడా' అని చెవుల్లో చెప్పుకోవడమే తప్ప, ఏమిటా తేడా అని ఎవరూ పైకి అనలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ "కుటుంబంలో ఎవరికైనా మానసిక వ్యాధి?" అని అడిగితే మావాడు "ఎవరికీ లేదు" అన్నాడు. వాడికి నిజంగా తెలియదు. మేం చెప్పలేదు. సంబంధాలు చెడతాయని దాచిన మాట, వాడు బాంగ్ పట్టుకున్న రోజున వాడికి తెలిసి ఉండాల్సిన మాట. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే సిగ్గనిపించింది అక్కడే. మర్నాడు నేనే వెళ్ళి డాక్టరుకి చెప్పాను.

మానడం సులువు కాలేదు. వాడినవాళ్ళలో సుమారు పదిమందికి ఒకరు దానికి బానిసవుతారని లెక్క, టీనేజిలో మొదలెడితే ఇంకా ఎక్కువ. మొదటి వారం నిద్ర లేదు, అన్నం సహించలేదు, అందరి మీదా చిరాకు. నిద్రపట్టిన కాసేపూ భయంకరమైన కలలు. రెండు వారాలకి నెమ్మదించాడు. 1800 250 015 అని జాతీయ ఫోన్ లైను ఉంది, ఏ రాష్ట్రం నుంచి చేసినా మీ ప్రాంతంలో సాయం చేసేవాళ్ళకి కలుపుతారు. ఇంగ్లీషులో ఇబ్బందైతే 131 450కి చేసి దుబాసీని అడగొచ్చు. మావాడు నాకు తెలియకుండా ఆ మొదటి నంబరుకి అప్పటికే ఒకసారి ఫోన్ చేసి, రెండు రింగులకే పెట్టేశాడట.

చట్టం గురించి నా అభిప్రాయం ఆ నెలల్లో అటూ ఇటూ ఊగింది. పక్కింట్లో పెరుగుతున్నది కాబట్టే మావాడు దాన్ని కొత్తిమీర అనుకున్నాడా? కావచ్చు. కాని ఆ రాత్రి డాక్టరు అడగగానే పోలీసుల భయం లేకుండా నిజం చెప్పాడంటే అదీ ఈ చట్టం వల్లే. మన ఊళ్ళో అయితే ఇంకో మూడు ఎండోస్కోపీలు చేయించేవాళ్ళం.

నాన్నగారికి ఎలా చెప్పాలా అని నేను వారం తంటాలు పడ్డాను. వాడే వెళ్ళి చెప్పాడు. నేను వంటింట్లో ఉండి వింటున్నాను. చాలాసేపు మాట లేదు. తరవాత నాన్నగారు, "నీ వయసు కుర్రాళ్ళని ఎంతమందిని జీపెక్కించానో లెక్క లేదురా. ఒక్కడినీ ఎందుకు తాగుతున్నావని అడగలేదు. అది నా డ్యూటీ కాదు" అన్నారు. మళ్ళీ కాసేపు ఆగి, "నువ్వెందుకు తాగావు?" అని అడిగారు. మావాడు మొదట నిద్ర గురించి చెప్పాడు, తరవాత రెస్టారెంటు గురించి, తరవాత అప్పు గురించి. ఇరవై రెండు లక్షల బ్యాంకు లోను, ఉద్యోగం రాకపోతే ఏమిటన్న భయం. అవన్నీ నేను వినడం అదే మొదలు, వాడు నా ఇంట్లోనే ఉంటున్నా.

ఏప్రిల్లోనే పక్కింటాయన తన మొక్కలు కోసేసుకున్నాడు, మన ఊరి మంచుకి అవి బతకవు. ఆగస్టులో వెళ్ళేముందు నాన్నగారు ఆయనతో కంచె దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారని అడిగితే, "వెన్నునొప్పికట. పదేళ్ళుగా ఉందట. గరాజుకి తాళం వేస్తాడా అని అడిగాను" అన్నారు.

మావాడికి వాంతులు మళ్ళీ రాలేదు. ఒక్కసారి, పరీక్షల ముందు, రెండు రోజులు తాగానని వాడే చెప్పాడు, చెప్పినందుకు నేనేమీ అనలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, వేడినీళ్ళు అందరికీ మిగులుతున్నాయి.

పోయిన ఆదివారం అక్క వీడియో కాల్లో, "వాడికి ఆ గ్యాస్ట్రిక్ పూర్తిగా పోయిందా?" అని మళ్ళీ అడిగింది. ఇన్నాళ్ళూ నేను చెప్పిన అబద్ధమది. మావాడు నావైపు చూశాడు. ఫోన్ వాడి చేతికిచ్చి, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి పెరట్లోకి వచ్చేశాను.